పుట్టిన ఊరి తరఫున

చెంచురామయ్య తన జీవితంలో కబడ్డీ ఆడింది ఒకే ఒక్కసారి. ఎనిమిదో తరగతిలో, డ్రిల్లు మాస్టారి బలవంతం మీద. కూతకు వెళ్లి, గీత దాటిన నాలుగో అడుగులోనే ఊపిరి వదిలేసి, "చెప్పు తెగింది సార్" అని వెనక్కి వచ్చేశాడు. ఆ రోజు ఆయన కాళ్లకు అసలు చెప్పులే లేవని తాటివారిపాలెంలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

తర్వాత మళ్లీ కోర్టులో కాలు పెట్టలేదు. అలాగని కోర్టు గట్టు మీద నుంచి లేచిందీ లేదు. ఇప్పుడు ఆయనకు అరవై ఏడు. ఊరి జట్టు ఎక్కడ ఆడినా ట్రాక్టర్ ట్రక్కులో ముందుగా ఎక్కి కూర్చునేది ఆయనే. తన సొంత పెళ్లిరోజున మాత్రం సగం ఆటే చూడగలిగాడనీ, ఆ మిగతా సగం వానకు ఆగిపోయింది కాబట్టే తన మెడలో తాళి పడిందనీ భార్య పున్నమ్మ అంటుంది. ఆయన కాదనడు.

ఆడేవాడికి మహా అయితే పదేళ్లు. మోకాలు మొరాయిస్తుంది, పెళ్లవుతుంది, పొలం నెత్తిన పడుతుంది, మానేస్తాడు. గట్టు మీద కూర్చున్నవాడికి ఆ వెసులుబాటు లేదు. చెంచురామయ్య కళ్ల ముందే నాలుగు తరాల ఆటగాళ్లు వచ్చి వెళ్లారు. సైకిల్ షాపు గౌస్ బాషా ఒకసారి పట్టాడంటే ఎదుటివాడి చీలమండ మీద రెండు రోజులు వేళ్ల గుర్తులు ఉండేవి. ఆ గౌస్ బాషా ఇప్పుడు షాపు ముందు కుర్చీలో కూర్చుని, ట్యూబుకు గాలి కొట్టడానికి ఇంకొకరిని పిలుస్తాడు. ఆయన్ని చూసినప్పుడల్లా చెంచురామయ్యకు దిగులేస్తుంది. ఇంట్లోవాళ్లకు మనిషి ముసలివాడు కావడం మామూలే. అభిమానికి అలా కాదు, వాడి కళ్లలో ఆటగాడి వయసు ఎప్పుడూ ఇరవై రెండే.

టీవీలో లీగు వచ్చాక జట్లకు పట్నాల పేర్లొచ్చాయి, ఆటగాళ్లకు వేలాలొచ్చాయి. నిరుడు ఆకుపచ్చ చొక్కాలో తొడగొట్టినవాడు ఈ ఏడు పసుపు చొక్కాలో అదే తొడ కొడతాడు. చెంచురామయ్య చూస్తాడు, చూడకుండా ఉండలేడు. కానీ మనసు ఎవరి మీదా నిలవదు.

"ఎవరికోసం కొడుతున్నాడో ఆ తొడ, వాడికైనా తెలుసంటావా?" అని అడుగుతాడు.

"నీకెందుకయ్యా, నీ తొడ కాదుగా" అంటుంది పున్నమ్మ, మిరపకాయల్లోంచి తాలు ఏరుతూ.

అసలు ఆయన మనసు నిలిచిపోయింది ఒక్కడి మీద. వాడి పేరు వీరబాబు.

వీరబాబు పదహారేళ్లకే జట్టులోకి వచ్చాడు. సన్నటి పిల్లాడు, చూస్తే నీళ్ల బిందె కూడా మోయలేడనిపించేవాడు. మిగతావాళ్ల కూత అరుపులా ఉండేది. వాడిది తక్కువ గొంతుతో మొదలై, ఎక్కడా తెగకుండా, నూనె వేసిన గిలక తిరిగినట్టు సాగేది. ఎదుటి జట్టు ఏడుగురూ ఆ కూతను వింటూ వాడి కాళ్లను మరిచిపోయేవాళ్లు. ఏడేళ్లలో తొమ్మిది కప్పులు తెచ్చాడు. పొద్దున్నే వాడు సాధన చేస్తుంటే చెంచురామయ్య వేపపుల్ల నోట్లో పెట్టుకుని గట్టు మీద కూర్చునేవాడు. ఎండ చుర్రుమన్నాక గాని పుల్ల సంగతి గుర్తొచ్చేది కాదు. వాడు ఏ కాలి మీద బరువు వేస్తే ఏ పక్కకు తిరుగుతాడో ఆయనకు కంఠతా వచ్చు. ఆటలో వాడు ఎదురుకోర్టులో లోపలికంటా వెళ్లినప్పుడు, ఇక చాలనిపించిన క్షణంలో ఆయన గట్టు మీద నుంచి "చాల్రా, వచ్చెయ్!" అని ఒక కేక వేసేవాడు. వాడు ఆ కేకకే వెనక్కి తిరిగేవాడు. అది అలవాటైపోయింది ఇద్దరికీ.

అలాంటివాణ్ణి ఊరు దాటించింది ఎవరయ్యా అంటే, స్వయంగా చెంచురామయ్యే.

వీరబాబుకు ఇరవై మూడేళ్లు వచ్చాయి. ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములు, ఉన్నది రెండెకరాలు. ఎక్కడో గ్రానైటు క్వారీలో పనికి పోతాడేమో, చీమకుర్తి వెళ్లిపోతాడేమో అని చెంచురామయ్యకు బెంగ పట్టుకుంది. పెళ్లి చేస్తే కాలు నిలుస్తుందనుకున్నాడు. మార్టూరు అవతల నల్లగుంటపాడులో సుబ్బరావమ్మ అనే ఆవిడకు ఒక కూతురుందని విని, చొక్కా ఇస్త్రీ చేయించుకుని తనే పెళ్లిమాటలకు వెళ్లాడు. పెళ్లిమాటలకు వెళ్లినవాడు ఏం మాట్లాడాలి? ఇచ్చిపుచ్చుకోవడాలు, పెళ్లయ్యాక పిల్ల ఎక్కడుంటుంది, ఇవి. ఈయన రెండు గంటలపాటు వీరబాబు కూతల గురించి చెప్పాడు. చీరాల మీద ఆడిన ఆట చెప్పాడు, సింగరాయకొండ తిరునాళ్లలో ఒక్కడే ఐదుగురిని ముట్టుకొచ్చిన ఆట వరండాలో అటూ ఇటూ పరుగెత్తి మరీ చూపించాడు. ఆ ఇంటివాళ్లే కాదు, గోడ అవతల నుంచి ఊరి కుర్రకారు కూడా చెవులు రిక్కించి విన్నారు. మగపిల్లలు లేని ఇల్లు, ఒక్కగానొక్క కూతురు, పదెకరాల మిరప చేను. అలాంటి ఇంటికి వెళ్లే అల్లుడు ఇల్లరికపు అల్లుడేనని ఎవరైనా చెబుతారు. ఆ ముక్క తోచనిది ఆయన ఒక్కడికే.

పెళ్లయిన నెలకు వీరబాబు పెట్టె సర్దుకుని అత్తారింటికి వెళ్లాడు. వెంటనే వాడి పేరు నల్లగుంటపాడు రేషన్ కార్డులోకి ఎక్కింది. ఆ చుట్టుపక్కల పోటీల్లో కట్టుబాటు ఒకటుంది. బయటి ఊళ్ల నుంచి ఆటగాళ్లను అరువు తెచ్చుకుంటున్నారని గొడవలై, రేషన్ కార్డు ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరికే ఆడాలని పెద్దలు తీర్మానించారు. మరుసటి శివరాత్రి తిరునాళ్లకు వీరబాబు నల్లగుంటపాడు చొక్కా వేసుకుని దిగాడు. ఎదుటి జట్టు తాటివారిపాలెం.

ఆట మొదలవబోతుండగా ఊరి జట్టు కెప్టెన్ రామకాంత్ గట్టు దగ్గరికి వచ్చాడు. కార్నర్‌లో నిలబడి పట్టు పట్టేది వాడే.

"బాబాయ్, ఈణ్ణి ఎట్టా ఆపాలో నీకు తప్ప ఎవుడికీ తెలీదు. చెప్పు" అన్నాడు.

చెంచురామయ్య కోర్టు వైపు చూశాడు. ఒక పక్క ఊరు, ఒక పక్క వాడు. ఊరి చొక్కా కళ్ల ముందు నిలబడి అడుగుతోంది.

"తిరిగొచ్చే ముందు ఎడమ కాలు ఒక్క లిప్త ఎనక ఒదిలేస్తాడు. అది పట్టుకో" అన్నాడు.

ఆట సగానికొచ్చినప్పుడు వీరబాబు కూతకు వచ్చాడు. ఆ గిలక తిరిగే గొంతు మొదలైంది. చెంచురామయ్య చూడలేక కళ్లు మూసేసుకున్నాడు. గట్టు మీద నుంచి కేక వేయలేదు. ఏమని వేస్తాడు, ఎవరికని వేస్తాడు? ఇంతలో దభీమని చప్పుడు, తాటివారిపాలెం జనం ఈలలు. కళ్లు తెరిచేసరికి నలుగురి కింద వీరబాబు ఉన్నాడు. వాళ్లు లేచారు, వాడు లేవలేదు. మోకాలు రెండు ముక్కలైంది. నల్లగుంటపాడు వాళ్లు వాణ్ణి ట్రాక్టర్‌లో వేసుకుని గుంటూరు తీసుకెళ్లారు. వాడు మళ్లీ ఆడలేదు.

చెంచురామయ్య ఆసుపత్రికి వెళ్లలేదు. ఆ తర్వాత కూడా వెళ్లలేదు. పెళ్లిళ్లలో ఎదురుపడితే పక్కకు తప్పుకున్నాడు, ఒంగోలు మార్కెట్లో కనిపిస్తే బస్సు చాటుకు వెళ్లాడు. ఊరు మారినందుకు కోపమని అందరూ అనుకున్నారు. ఆయనా అలాగే అనుకోనిచ్చాడు. సిగ్గుకంటే కోపం చూడటానికి గౌరవంగా ఉంటుంది. అలా ఇరవై మూడేళ్లు గడిచాయి. ఎవరు కూతకు వెళ్లినా, ఆయన చెవి మాత్రం ఆ గొంతు కోసమే వెతికేది.

ఈ ఏడాది శివరాత్రికి పది రోజుల ముందు రామకాంత్ ఇంటికి వచ్చాడు. ఇప్పుడు వాడికి ఎరువుల కొట్టు, బొజ్జ, షుగరు అన్నీ ఉన్నాయి.

"బాబాయ్, తిరునాళ్లలో ఈసారి నలభై ఐదు దాటినోళ్లకి ఒక ఆట పెడుతున్నారు. రేషన్ కార్డు గొడవ లేదు. ఎవురు ఏ ఊళ్లో పుడితే ఆ ఊరి తరఫున దిగొచ్చు. మన వీరబాబుని తీసుకురావాల. పరిగెత్తక్కర్లా, ఒక్క కూత పెడితే చాలు. నువ్వెళ్లి అడిగితేనే వస్తాడు. ఆ చేత్తోనే చొక్కా సైజు కూడా కనుక్కో."

చెంచురామయ్య లేచి నిలబడ్డాడు. పుట్టిన ఊరి తరఫున! మళ్లీ ఆ చొక్కాలో వాడు, మళ్లీ ఆ కూత, అదీ మన గీత ఇవతల నుంచి. ఆ రాత్రి అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు.

"వెళ్తావా?" అంది పున్నమ్మ.

"వెళ్తా."

"చెప్తావా?"

ఆయన చేసింది తెలిసిన మూడో మనిషి పున్నమ్మ ఒక్కతే. ఆయన మళ్లీ అన్నం కలపడం మొదలుపెట్టాడు.

మర్నాడు పొద్దున మార్టూరు బస్సు దిగి, రాళ్లు కోసే యూనిట్ల వెంట తెల్లటి దుమ్ములో నడిచి, నల్లగుంటపాడు పొలాల్లోకి వెళ్లాడు. కళ్లంలో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. కాయలు తిరగేస్తున్న మనిషి కొంచెం కుంటుతూ అడుగు వేస్తున్నాడు. జుట్టు సగం తెల్లబడింది. చెంచురామయ్య గుర్తుపట్టడానికి ముఖం చూడాల్సిన పని లేకపోయింది. ఆ కుంటు నడకను ఆయన ఎన్నో పెళ్లిళ్లలో దూరం నుంచి చూశాడు.

"బాబాయ్!" అన్నాడు వీరబాబు, నిన్న సాయంత్రం విడిపోయినట్టు. "ఎండలో నిలబడ్డావేంది, ఇట్టా పాకలోకి రా."

పాకలో అత్త సుబ్బరావమ్మ కూర్చుని ఉంది. ఎనభై దగ్గర పడినా చూపు వాడిగానే ఉంది. "ఏం అన్నయ్యా, మా అల్లుడికి మళ్లీ ఏవన్నా సంబంధం తెచ్చావా ఏంది?" అని నవ్వి, మజ్జిగ తేవడానికి లేచింది.

ఘాటుకు చెంచురామయ్య రెండుసార్లు తుమ్మాడు. మూడో తుమ్ము కోసం ఎదురుచూస్తున్నట్టు కాసేపు నటించాడు. చివరికి తిరునాళ్ల ఆట గురించి చెప్పాడు. పుట్టిన ఊరి తరఫున అన్న మాట రెండుసార్లు అన్నాడు. వీరబాబు నేల చూస్తూ విన్నాడు. అప్పుడు, అడగడానికి వచ్చింది అడగకుండానే, మాట మార్చాడు.

"ముందు ఒక మాట చెప్పాలిరా. అది చెప్పకుండా నిన్ను రమ్మంటే పాపం. ఆ రోజు నీ ఎడమ కాలు సంగతి రామకాంత్‌కి చెప్పింది నేనే. నీ మోకాలు ఇరగ్గొట్టింది నేనేరా."

వీరబాబు తలెత్తి చూశాడు. తర్వాత నవ్వాడు. చిన్నగా కాదు, పాక అదిరేట్టు.

"నువ్వు చెప్పవనుకున్నానా బాబాయ్? చెప్పకపోతే నువ్వు మా చెంచురామయ్య బాబాయివే కాదు. ముందు రోజు రాత్రే అనుకున్నా, ఖాయంగా చెప్పేస్తాడని. అందుకే ఆ పూట ఎడమ కాలు ఒదల్లా, కుడికాలు ఒదిలా. రామకాంత్ ఎడమ పక్కకి దూకాడు. వాడు పట్టుకుంది మట్టినే."

"మరి పట్టింది తనేనని ఇన్నేళ్లుగా చెప్పుకుంటన్నాడే!"

"చెప్పుకోనీ. మట్టిని గట్టిగానే పట్టాడు."

చెంచురామయ్యకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇరవై మూడేళ్లు మోసిన బరువు ఒక్కసారిగా దింపితే భుజానికి ఏదో పోయినట్టే ఉంటుంది. "మరెట్టా దెబ్బ తగిలింది?" అన్నాడు.

వీరబాబు ఒక మిరపకాయ తీసి, విరిచి, గింజలు రాల్చాడు.

"ఇద్దర్ని ముట్టుకున్నా. తిరిగొచ్చేస్తన్నా. గీత ఇంకొక్క అడుగు. ఏడేళ్లు నీ కేకకే తిరిగినోణ్ణి బాబాయ్ నేను. ఆ రోజు కేక రాలా. ఎందుకొస్తది, నేను నీ జట్టు కాదుగా, తెలుసు నాకు. అయినా కూత బాగుంది, నీకు బాగుందనిపించిందో లేదోనని ఒక్కసారి గట్టు మీదకి చూశా. నువ్వు కళ్లు మూసుకుని కూచోనున్నావ్. అదేందబ్బా అని చూస్తన్నా. అంతలోకి రెండో కార్నరోడు పక్క నుంచి వచ్చి మోకాలి మీద పడ్డాడు."

అయితే తప్పు తనదే. చెప్పినందుకు కాదు. చూడనందుకు. వాడి బతుకులో ఆఖరి కూత, అన్నింటిలోకీ మంచి కూత, ఊరంతా చూసింది. తను ఒక్కడే చూడలేదు. ముఖం తువ్వాలులో దాచుకుని ఏడ్చాడు. మజ్జిగ గ్లాసుతో వచ్చిన సుబ్బరావమ్మ ఇద్దరినీ చూసి, గ్లాసు అక్కడ పెట్టి, ఏమీ అడగకుండా కాయలు తిరగేయడానికి వెళ్లిపోయింది.

కాసేపటికి ఆయన తేరుకున్నాడు. "అయితే రా. ఈసారి కళ్లు మూయను. ఒక్క కూత. మన చొక్కాలో" అన్నాడు.

వీరబాబు తల అడ్డంగా ఊపాడు.

"రాలేను బాబాయ్."

"మోకాలు నొప్పి చేస్తదనా?"

"మోకాలుకేం, ఒక్క కూతకి ఓర్చుకుంటది. అది కాదు. మనూరికి తొమ్మిది కప్పులు తెచ్చా. కింద పడిన రోజు మనోళ్లు ఈలలేశారు. నేను తప్పు పట్టను, ఆటంటే అంతే. ఈ ఊరికి ఒక్క కప్పు తేలా. ఆడిందే సగం ఆట. ఆ సగం ఆటకి వీళ్లు నన్ను ట్రాక్టర్లో పడుకోబెట్టుకుని గుంటూరు దాకా తల ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లారు. మా మామ నలభై రోజులు ఆసుపత్రి వరండాలో పడుకున్నాడు. ఇప్పటికీ టీ కొట్టుకెళ్తే మా రైడర్ వచ్చాడని బల్ల మీద జరిగి చోటిస్తారు. సగం ఆట ఆడినోడికి! నేను రేపు మనూరి చొక్కా ఏసుకుంటే వీళ్లు ఒక్క మాట కూడా అనరు. అనరు కాబట్టే ఏసుకోలేను."

"పుట్టిన ఊరురా."

"అవును. దాన్ని కాదంటన్నానా? అమ్మ చచ్చిపోయిన ఇల్లు అక్కడే ఉంది. కలలో ఆడితే ఆ కోర్టులోనే ఆడతా. కానీ మెలకువలో ఈ ఊరోణ్ణి."

చెంచురామయ్య ఇంకొక మాట అడిగాడు. ఆ మాట అడగకూడదని తెలిసీ, ఆశ చావక అడిగాడు. "నాకోసం కూడా రావా?"

వీరబాబు కళ్లలో నీళ్లు తిరిగాయి. "నువ్వు ఊరిని ఒదిలేసి నాకోసం ఈ ఊరి గట్టు మీదకొచ్చి కూచోగలవా బాబాయ్?" అన్నాడు.

ఆయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. అబద్ధమాడటానికి నోరు తెరిచాడు కూడా. రాలేదు.

"లేను" అన్నాడు.

"నేనూ అంతే. ఊరిని ఒదలకూడదన్నది నీ దగ్గర నేర్చుకున్నదే" అన్నాడు వీరబాబు.

మజ్జిగ తాగాడు. సుబ్బరావమ్మ ఒక సంచిలో కారానికని ఎండుమిరపకాయలు పోసి ఇచ్చింది. వీరబాబు రోడ్డు దాకా వస్తానంటే వద్దన్నాడు. వాడు కుంటుతూ తన పక్కన నడిస్తే తట్టుకునే శక్తి ఆ పూట ఆయనకు లేదు.

బస్టాపులో నిలబడేసరికి గ్రానైటు లారీలు ఒకదాని వెనక ఒకటి వెళుతున్నాయి. ఆ మోతలో ఫోన్ మోగడం ఆయనకు ఆలస్యంగా తెలిసింది. రామకాంత్.

"ఏం బాబాయ్, సైజెంతన్నాడు? నలభై రెండా, నలభై నాలుగా?"

"చొక్కా వద్దురా. వాడు రాడు."

"అదేంది? ఉండు, నేనే ఫోన్ చేసి మాట్లాడతా."

"చెయ్యబాకు" అన్నాడు చెంచురామయ్య. అంత గట్టిగా అన్నందుకు తనే ఉలిక్కిపడ్డాడు. "నువ్వు గానీ ఇంకెవుడు గానీ వాణ్ణి అడగబాకండి. వాడు నల్లగుంటపాడు ఆటగాడు."

"మన ఊళ్లో పుట్టినోడు బాబాయ్."

"పుట్టాడు. మనం పోగొట్టుకున్నాం, వాళ్లు దక్కించుకున్నారు. ఇక వదిలెయ్."

"సరే మరి. నువ్వన్నా వస్తావా ఆటకి?"

"రాకుండా ఎక్కడికి పోతా? మన ఊరు ఆడతంటే" అన్నాడు.

గొంతు మామూలుగానే ఉంది. ఫోన్ జేబులో పెట్టుకున్నాక మాత్రం బస్టాపు అరుగు మీద కూలబడ్డాడు. ఇరవై నాలుగేళ్ల కిందట వాణ్ణి ఈ ఊరికి తెలియక ఇచ్చి వెళ్లాడు, ఇన్నాళ్లూ వెనక్కి వస్తాడని లోలోపల ఎదురుచూశాడు. ఈ రోజు తెలిసి, తన నోటితో ఇచ్చేశాడు. ఒంగోలు బస్సు వచ్చి ఆగింది. "పెద్దాయనా, ఎక్కుతావా?" అని కండక్టర్ అడిగాడు. చెంచురామయ్య తువ్వాలుతో కళ్లు ఒత్తుకుంటూ, తర్వాతి బస్సుకు వస్తానని చెయ్యి ఊపాడు.